క్యాంపర్ లాగాలి, కొండదారీ తిరగాలి: రెండు పనులకీ ఒకే బండిని ఎంచుకోవడం ఎలా?

షోరూములో అడుగుపెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ బండి వెనక ఏం తగిలిస్తారు? ఎంత బరువుది? దాన్ని ఎక్కడిదాకా లాక్కెళతారు? ముందు బండి కొనేసి, తర్వాత దానికి సరిపోయే క్యాంపర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే, పడుకునే వసతి ఉన్న ట్రైలర్) కోసం వెతికితే చివరికి రెండింట్లో ఒకటి అమ్ముకోవాల్సి వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ రెండు పనులకీ బండి నుంచి కావాల్సినవి ఒకదానికొకటి పడవు. లాగడానికి పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం), గట్టి వెనక స్ప్రింగులు, రోడ్డుని పట్టుకునే టైర్లు కావాలి. రాళ్లలో, వంకల్లో తిరగడానికి పొట్టి వీల్‌బేస్, మెత్తగా సాగే సస్పెన్షన్, గాలి తగ్గించినా తట్టుకునే టైర్లు కావాలి. రెండింట్లోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకునే బండి లేదు. మీకు ఏ పనిలో ఎన్ని మార్కులు చాలో నిర్ణయించుకోవడమే అసలు ఎంపిక.

1. క్యాంపర్ ఎక్కడ ఆగుతుందో నిర్ణయించండి

తలకోన, కైలాసకోన, హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్లకి క్యాంపర్‌తో వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది తారు రోడ్డో గట్టి మట్టి రోడ్డో ఉన్నంతవరకు క్యాంపర్‌ని లాగి, అక్కడ దించేసి, మిగతా దారి ఉత్త బండితో తిరగడం. మీదీ అదే పద్ధతయితే పని సగం తేలికైనట్టే. క్యాంపర్‌కి మామూలు 50 మి.మీ. బాల్ హిచ్ (బండి వెనక బిగించే గుండు కొక్కెం; దాని మీద కూర్చునే క్యాంపర్ మూతి కప్లింగ్) చాలు, బండికి మధ్యస్థం వీల్‌బేస్ చాలు.

క్యాంపర్‌ని కూడా వంక దాటించి తోటలోకి తీసుకెళ్లాలంటే లెక్క మారిపోతుంది. బండి ఒక పక్కకి, ట్రైలర్ ఇంకో పక్కకి ఒరిగినప్పుడు బాల్ హిచ్ కొంతవరకే తిరుగుతుంది, ఆ తర్వాత కప్లింగ్ మెడ మీద మెలి పడుతుంది. అలాంటి దారికి మూడు దిశల్లోనూ తిరిగే పిన్ కప్లింగో, మిలిటరీ లారీలకి ఉండే పింటిల్ హుక్కో కావాలి. పింటిల్ గట్టిదే, కానీ ట్రాక్టరు ట్రక్కులాగా దారంతా టకటకలాడుతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకి పిన్ కప్లింగే నయం.

అడవి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోది, శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే బండి) ఉంది కదా అని అనుమతి లేకుండా అటవీ దారుల్లోకి దిగితే కేసవుతుంది. చెక్‌పోస్టుల దగ్గర ఎర్రచందనం తనిఖీలో మూసి ఉన్న క్యాంపర్‌ని తెరిపించి చూస్తారు. లోపలి సామాను మొత్తం దించకుండానే తలుపు తెరిచి చూపించేట్టు సర్దుకోండి. ఆఫ్-రోడ్ సరదా సొంత పొలాల్లో, తెలిసినవాళ్ల మామిడి తోటల్లో తీర్చుకోవడం మేలు.

2. బరువు కాగితం మీద కాదు, కాటా మీద చూడండి

అమ్మేవాళ్లు చెప్పేది ఉత్త క్యాంపర్ బరువు. సామాను ఎక్కాక దాని సంగతి వేరు. ఒక చిన్న క్యాంపర్ లెక్క ఇలా ఉంటుంది:

ఉత్త క్యాంపర్ 720 కిలోలు
70 లీటర్ల నీళ్లు 70
14.2 కిలోల గ్యాస్ నిండు సిలిండర్ సుమారు 30
150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ సుమారు 55
స్టెప్నీ 25
గుడారం పందిరి, కుర్చీలు, బల్ల 40
పొయ్యి, గిన్నెలు, బియ్యం, ఉప్పుకారాలు 40

మొత్తం 980. అమ్మేటప్పుడు ఏడొందల చిల్లర అన్నది టన్ను దగ్గరికి వచ్చింది. బ్యాటరీని లిథియంకి మార్చుకుంటే 30 కిలోలకి పైగా తగ్గుతుంది. నీళ్లు మీరు దిగే చోటికి దగ్గర్లో పట్టుకుంటే ఇంకో 60 తగ్గుతుంది. లక్షలు పోసి పెద్ద ఇంజిను బండి కొనడం కంటే ఇవి చవకైన దారులు.

తూకానికి దూరం పోనక్కర్లేదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల దారిలో వేబ్రిడ్జిలు ఉంటాయి. జూన్, జూలైలో మాత్రం వెళ్లకండి, కాయల ట్రాక్టర్ల వరుసలో పూట గడిచిపోతుంది. మూడు తూకాలు వేయించండి: మొదటిది ఫుల్ ట్యాంకుతో, మనుషులతో బండి ఒక్కటే; రెండోది బండి, క్యాంపర్ కలిపి; మూడోది క్యాంపర్ తగిలించి ఉండగానే బండి చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి. మూడో తూకంలోంచి మొదటిది తీసేస్తే హుక్కు మీద పడే బరువు వస్తుంది.

ఈ హుక్కు బరువు క్యాంపర్ మొత్తం బరువులో పదో వంతు ఉండాలి. 980 కిలోలకి దాదాపు 100 కిలోలు. బాగా తగ్గితే హైవే మీద 70, 80 వేగంలో క్యాంపర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. బాగా పెరిగితే బండి ముక్కు లేచి, స్టీరింగ్ తేలికై, ఎదుటివాళ్ల కళ్లలోకి లైట్లు కొడతాయి. వేబ్రిడ్జి ముల్లు పది, ఇరవై కిలోల తేడాని సరిగ్గా చూపించదు కాబట్టి, ఇంటి దగ్గర 150 కిలోల దాకా తూచే బాత్రూం కాటా మీద చెక్కముక్క నిలబెట్టి, దాని మీద కప్లింగ్ ఆనించి ఇంకోసారి చూసుకోండి. క్యాంపర్ సమంగా, హుక్కు ఎత్తులోనే ఉండాలి. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టడం మరిచిపోవద్దు.

3. బండి మోయగలిగేది ఎంత?

లాగే శక్తి గురించి అందరూ అడుగుతారు, మోసే శక్తి గురించి ఎవరూ అడగరు. ముందు చేతులెత్తేసేది రెండోదే. బండికి అనుమతించిన గరిష్ఠ బరువులోంచి ఉత్త బండి బరువు తీసేస్తే మిగిలేదే మోసే శక్తి. అందులోంచి ఇవన్నీ పోవాలి: నలుగురు పెద్దవాళ్లు 280, హిచ్ ఇనుము 30, కంప్రెసర్, తాళ్లు, పనిముట్లు, పెట్టెలు 70, హుక్కు బరువు 100. మొత్తం 480 కిలోలు. దీని మీద ఇనుప బంపర్, పైన క్యారియర్, దాని మీద ఇంకో గుడారం బిగిస్తే చాలా బండ్లు గీత దాటేస్తాయి.

హుక్కు మీద పడిన 100 కిలోలు వెనక ఇరుసు మీద 100గానే పడవు. వీల్‌బేస్ 2.8 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 1.2 మీటర్లు ఉందనుకోండి. మీట (లీవర్) సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద 143 కిలోలు పెరుగుతుంది, ముందు ఇరుసు మీద 43 తగ్గుతుంది. వెనక తోక ఎంత పొడుగైతే ఈ తేడా అంత ఎక్కువ. వెనక స్ప్రింగులు మెత్తగా ఉన్న బండి టోయింగ్‌లో చతికిలబడేది ఇందుకే. కమాన్ పట్టీలున్న పికప్పులు దీన్ని బాగా ఓర్చుకుంటాయి. బదులుగా ఉత్తగా తిరిగేటప్పుడు గులకరోడ్డు మీద మిమ్మల్ని ఎగరేస్తాయి.

టైరు మీద లోడ్ ఇండెక్స్ అంకె చూడండి. 109 అంటే ఒక్కో టైరు 1,030 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు. అందంగా కనిపించే పెద్ద రిమ్ముకి మారుస్తూ ఈ అంకె తగ్గించుకునేవాళ్లు చాలామంది.

4. ఎక్కడం చూసి కొనకండి, దిగడం చూసి కొనండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. బండీ క్యాంపరూ కలిపి 3,300 కిలోలు. నూరు మీటర్లకి పది మీటర్లు లేచే ఘాట్ మీద గంటకి 30 వేగంతో ఎక్కడానికి వాలుకి మాత్రమే కావాల్సిన శక్తి సుమారు 27 కిలోవాట్లు, అంటే 36 గుర్రాల శక్తి. ఇప్పటి ఫోర్ బై ఫోర్‌లలో చిన్న ఇంజినుకైనా అంతకు మించే ఉంటుంది. కాబట్టి మొగిలి ఘాట్ ఎక్కలేని బండి దాదాపు ఉండదు.

దిగేటప్పుడు అదే 27 కిలోవాట్లు ఎటు పోవాలి? టైర్లు, గాలి కొంత మింగినా మిగతాదంతా ఇంజిన్ బ్రేకింగో, బ్రేకు లైనర్లో భరించాలి. నీళ్లు కాచే వెయ్యి వాట్ల హీటర్లు ఇరవైకి పైగా చక్రాల్లో పెట్టి వెలిగించినట్టు. భాకరాపేట ఘాట్‌లోనో, హార్స్‌లీ హిల్స్ వంపుల్లోనో కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ముందు కాలిన వాసన, తర్వాత పెడల్ మెత్తబడటం, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టకపోవడం వరసగా జరుగుతాయి. లైనర్ల తప్పు కాదది, వేడి తప్పు. బ్రేకు ఆయిల్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకి అంటుతుంది. రెండేళ్లకొకసారి బ్రేకు ఆయిల్ మార్చమనడం కంపెనీల చాదస్తమేమీ కాదు.

అందుకే టెస్ట్ డ్రైవ్‌కి చదును రోడ్డు దండగ. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఘాట్ ఎక్కి, దిగుతూ చూడండి. రెండో గేరులో, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండులో పెట్టి, బ్రేకు వదిలేస్తే బండి వేగం ఎంత దగ్గర నిలబడుతుంది? ఉత్త బండే 40 దాటి పరిగెడుతుంటే వెనక టన్ను తోస్తున్నప్పుడు ఆగదు. కొన్ని ఆటోమేటిక్‌లు తమంతట తామే పై గేరుకి మారిపోతాయి. అలాంటిది వద్దు.

క్యాంపర్‌కి సొంత బ్రేకులు ఉండాలి. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో బ్రేకు లేని ట్రైలర్‌కి 750 కిలోల హద్దు ఉంది. మన ఘాట్లకి 500 దాటితే బ్రేకు ఉండాల్సిందే అని మా లెక్క. నెట్టుడుకి తమంతట తామే పట్టే ఓవర్‌రన్ బ్రేకులు చవక, వైరింగ్ అక్కర్లేదు. కానీ దిగుడంతా పట్టే ఉండి వేడెక్కుతాయి. కరెంటు బ్రేకులకి బండిలో కంట్రోలర్ బిగించాలి, ఖర్చు ఎక్కువ. బదులుగా తోక ఊపినప్పుడు క్యాంపర్ బ్రేకు ఒక్కటే చేత్తో వేసి సర్దుకోవచ్చు. ఊపుడు మొదలైతే కాలు బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగ్ ఎదురు తిప్పకుండా, యాక్సిలరేటర్ వదిలేయడమే మందు.

తిరుమల కొండ మాటంటారా, క్యాంపర్‌ని తిరుపతిలోనే దించి ఉత్త బండితో వెళ్లిరండి. దిగే మొదటి ఘాట్ వంపులు టోయింగ్ నేర్చుకునే చోటు కాదు.

5. గేర్లు, ఫోర్ బై ఫోర్

లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో కదిలించే అదనపు గేరు వరస) లేని ఆల్ వీల్ డ్రైవ్ బండ్లని ఈ పనికి పక్కన పెట్టండి. క్యాంపర్‌ని గట్టు ఎక్కిస్తూ వెనక్కి తొయ్యాల్సి వచ్చినప్పుడు, చెరువు కట్ట నుంచి దిగేటప్పుడు లో రేంజ్ విలువ తెలుస్తుంది. అది లేకపోతే ఆ పని క్లచ్ ప్లేటు నెత్తిన పడుతుంది.

పార్ట్-టైమ్ (కావాల్సినప్పుడే వేసుకునే) ఫోర్ బై ఫోర్‌ని పొడి తారు మీద వేసి మలుపులు తిప్పకండి. ముందు, వెనక ఇరుసులు వేర్వేరు దూరాలు తిరగాలనుకుంటాయి, రెండు ఇరుసులకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఒప్పుకోదు, బిగుసుకుపోయి పళ్లు అరుగుతాయి. మట్టి, ఇసుక, తడి గడ్డి ఉన్నచోటే వేయండి.

మాన్యువలా, ఆటోమేటిక్కా? టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ అయితే టోయింగ్‌కి మంచిదే, గేరు ఆయిల్‌కి విడి కూలర్ ఉందో లేదో కనుక్కోండి. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సులోనే గేర్లు యంత్రం మార్చేది), డ్యూయల్ క్లచ్ రకాలు మిట్ట మీద మెల్లగా పాకే పనికి నప్పవు. మాన్యువల్ నమ్మకమైనదే గానీ, ఘాట్‌లో లారీల వెనక ఆగి కదిలే ప్రతిసారీ హాఫ్ క్లచ్ మీద నిలబెట్టే అలవాటుంటే దాన్ని మానుకోవాలి.

6. ఇక బండ్ల పేర్లు

ఏ పేరు ఎంచుకున్నా ముందు దాని ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తెరవండి. మన దేశపు మాన్యువల్‌లో లాగకూడదు అని రాసి ఉంటే విదేశాల అంకెలు చూపించి వాదించి లాభం లేదు. అక్కడి బండికి కూలింగ్, స్ప్రింగులు, హిచ్ వేరేవి ఉండొచ్చు. వారంటీ ఇచ్చేది ఇక్కడి కంపెనీ. సర్వీసు సెంటర్ నుంచి రాతలో తీసుకోండి.

జిమ్నీ అడవి దారిలో మేక లాంటిది. ఆస్ట్రేలియాలో దాని మూడు తలుపుల బండికి బ్రేకున్న ట్రైలర్ అయితే 1,300 కిలోలు, లేనిదైతే 350 అని ఇచ్చారు. కానీ 134 న్యూటన్ మీటర్ల టార్క్, 1,200 కిలోల బండి వెనక టన్ను క్యాంపర్ అంటే కుక్క తోకని కాదు, తోక కుక్కని ఆడిస్తుంది. 400 లోపు చిన్న టెంట్ ట్రైలర్‌తో సరిపెట్టుకోండి.

మూడు తలుపుల థార్, గూర్ఖా బురదలో, రాళ్లలో ముందుంటాయి. గూర్ఖాకి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు (ఒక ఇరుసు మీది రెండు చక్రాల్నీ కలిపి తిప్పేవి) కంపెనీ నుంచే వస్తాయి. కానీ వీల్‌బేస్ థార్‌కి 2,450, గూర్ఖాకి 2,400 మి.మీ. పొట్టి బండిని బరువైన ట్రైలర్ సులువుగా పక్కకి నెట్టేస్తుంది. 600, 700 కిలోలు దాటితే ఐదు తలుపుల రకాలు, అంటే 2,850 ఉన్న థార్ రాక్స్, 2,825 ఉన్న గూర్ఖా చూడండి. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఉంది.

టన్ను, ఆపైన అయితే స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్, ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ వరసలోకి వస్తారు. స్కార్పియో-ఎన్‌కి ఆస్ట్రేలియాలో బ్రేకున్న ట్రైలర్‌కి 2,500 కిలోల రేటింగ్ ఉంది. 2,750 వీల్‌బేస్ రెండు పనులకీ మధ్యస్థం. వి-క్రాస్ మన తడ పక్కనున్న శ్రీసిటీలోనే తయారవుతుంది. పికప్పులు రెండూ 5.3 మీటర్ల చుట్టూ పొడుగు, 3,000 దాటిన వీల్‌బేస్. హైవే మీద క్యాంపర్‌ని రాయిలా పట్టుకుంటాయి. తోట గేటు దగ్గర, వంక గట్టు మీద మాత్రం పొట్ట, తోక తగులుతాయి. తిరుపతి పాత వీధుల్లో పార్కింగ్ సంగతి చెప్పనక్కర్లేదు.

మొదటిసారి లాగేవాళ్లు ఏ బండయినా, సామానుతో సహా క్యాంపర్ బరువు ఉత్త బండి బరువులో 85 శాతం దాటనీయకండి. దాన్ని మట్టిదారిలోకి కూడా తీసుకెళ్లాలంటే సగం దగ్గరే ఆపండి.

7. పాత బండి అయితే

డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు విప్పించి ఆయిల్ చూడండి. పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. మట్టి నేల మీద లో రేంజ్ వేసి 20 మీటర్లు నడపండి, లివర్ జారిపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పని ఉంది. ఛాసిస్ లోపలి మూలల్లో కొత్త వెల్డింగ్, కొత్త రంగు కనిపిస్తే బేరం అక్కడితో చాలించండి.

8. హిచ్ బిగించేటప్పుడు

హిచ్ ఛాసిస్ పట్టాలకి రెండు పక్కలా బోల్టులతో బిగియాలి, బంపర్‌కి కాదు. క్యాంపర్ సమంగా నిలబడేట్టు బాల్ ఎత్తు ఉండాలి. బండిని 50 మి.మీ. లేపితే బాల్ కూడా లేస్తుంది కాబట్టి కిందికి వంగిన షాంక్ (బాల్‌ని పట్టి ఉంచే కమ్మీ) వేసుకోవాలి. సేఫ్టీ చైన్లు రెండు, కప్లింగ్ కింద ఒకదాన్నొకటి దాటేట్టు తగిలించండి. కప్లింగ్ ఊడితే ముక్కు నేలని పొడవకుండా ఆ అడ్డం మీద పడుతుంది. బురదలో ఇరుక్కున్న బండిని బాల్‌కి తాడు కట్టి లాగించకండి. బాల్ మెడ తెగితే తూటాలా ఎగురుతుంది. విడిగా రికవరీ కొక్కేలు పెట్టించి, 4.75 టన్నుల షాకిల్స్ (తాడు తగిలించే యు ఆకారపు ఇనుప కొక్కేలు) వాడండి.

క్యాంపర్‌కి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు ప్లేటు ఉండాలి, ట్రాక్టరు ట్రక్కుకి ఉన్నట్టే. ఇన్సూరెన్సులో ట్రైలర్ పేరు ఎక్కించుకోండి. హిచ్ గురించి కూడా ఆర్టీఓ ఆఫీసులో ముందే అడగండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది.

9. మొదటి ప్రయాణం

మొదటిసారి దూరం పెట్టుకోకండి. తిరుపతి నుంచి చంద్రగిరి దాటి 30 కిలోమీటర్లు పోయి ఆగండి. క్యాంపర్ హబ్బుల మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే బేరింగు బిగువు ఎక్కువైంది లేదా బ్రేకు పట్టేసి ఉంది. చక్రం నట్లు మళ్లీ బిగించండి, కొత్త చక్రాలకి ఇది తప్పదు.

స్వర్ణముఖి ఇసుక లాంటి చోట దిగితే బండికీ క్యాంపర్‌కీ రెండింటికీ గాలి 16, 18 పీఎస్‌ఐకి తగ్గించండి. బండికి తగ్గించి క్యాంపర్‌ని మరిచిపోతే అది నాగలిలా దున్నుతుంది. తారు ఎక్కే ముందు కంప్రెసర్‌తో మళ్లీ నింపండి. వంక దాటాల్సి వస్తే పది నిమిషాలు ఆగి హబ్బులు చల్లారనివ్వండి. వేడి హబ్బు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు గుండా నీళ్లు పీల్చుకుంటుంది, రెండు వారాల తర్వాత బేరింగు గరగరమంటుంది. దాటి వచ్చాక ఆ వారంలోనే విప్పి కొత్త గ్రీజు పెట్టించండి.